రాస్త్రోలో దొరికిన బుల్‌ఫైటర్ పాప్ ఆర్ట్ ముద్రణ: ఇది ఎవరి ముఖం, ఎలా అచ్చు వేశారు?

మంజీరతీరం:
సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మూడేళ్లుగా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. ఇక్కడ ప్రతి ఆదివారం ఉదయం రిబేరా దె కుర్తిదోరెస్ వీధి పొడవునా రాస్త్రో అనే పెద్ద సంత జరుగుతుంది. పాత ఫ్రేములు అమ్మే ఒక పెద్దాయన దగ్గర పోయిన వారం ఒక ముద్రణ కొన్నాను. కాగితం యాభై సెంటీమీటర్ల వెడల్పు, డెబ్బై సెంటీమీటర్ల ఎత్తు ఉంది. ఛాతీ వరకు కనిపించే ఒక బుల్‌ఫైటర్ బొమ్మ అది. వెనుకనంతా ముదురు గులాబీ రంగు పరుచుకుని ఉంది, ముఖంలోని నీడలన్నీ నీలిపచ్చ చుక్కలతో ఏర్పడ్డాయి, కోటు పసుపు రంగులో ఉండి దాని మీద నారింజ రంగు పూలు ఉన్నాయి, గీతలన్నీ నలుపు. తల మీద టోపీ లేదు, జుట్టు కనుబొమల దాకా పడుతోంది, నోరు కొంచెం తెరిచి నవ్వుతున్నాడు. కింద ఎడమవైపు పెన్సిలుతో 37/100 అని (అంటే నూరు ప్రతులలో ముప్పై ఏడవది), కుడివైపు నాకు చదవడం సాధ్యం కాని ఒక సంతకం ఉన్నాయి.

అమ్మిన పెద్దాయన ఇది మనోలేతే అనే పేరుమోసిన పాత బుల్‌ఫైటర్ అని గట్టిగా చెప్పారు. నాకు రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. ఇది నిజంగా చేత్తో తీసిన స్క్రీన్ ముద్రణా, లేక కంప్యూటర్ ప్రింటా? అలాగే, ఇది మనోలేతేనేనా? ధర గురించి నేను అడగడం లేదు, ఇష్టపడి కొన్నాను కనుక అది ఏమిటో సరిగ్గా తెలిసి గోడకు పెట్టుకోవాలన్నది నా కోరిక.

తెరముద్ర:
మంజీరతీరం గారూ, విజయవాడలో ఇరవై రెండేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాను. మాకు ఎక్కువగా వచ్చేవి పెళ్లి కార్డులూ శుభలేఖల కవర్లూ అయినా, ఫ్రేముకు బిగించే మెష్ అనే సన్నని వల, దానిలోంచి సిరాను కిందికి నెట్టే స్క్వీజీ అనే రబ్బరు పట్టీ, సిరా ఎక్కడైనా ఒకే విధంగా నడుచుకుంటాయి కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి సంపాదించండి. ముఖం మీది చుక్కలను కాకుండా, గులాబీ రంగు నేలను చూడండి. ఆఫ్‌సెట్ ముద్రణ అయితే ఒకే రంగులా కనిపించే చోట కూడా నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పూలలా గుంపులు కట్టి కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే తుంపర చల్లినట్టు క్రమం లేని సన్నని చుక్కలు కనిపిస్తాయి. స్క్రీన్ ముద్రణలో ఆ గులాబీ రంగు ముందే కలిపి పెట్టుకున్న ఒకే సిరా కనుక, ఎంత దగ్గరగా చూసినా అది నిండుగా, ఒక పూతలా ఉంటుంది. కాగితాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే ఆ పూత అంచు కొద్దిగా ఎత్తుగా కనిపించాలి.

ఆ తర్వాత రంగులు కలిసే చోట్లను చూడండి. ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము పెట్టి కాగితాన్ని ప్రతిసారీ అదే చోట కూర్చోబెట్టాలి, దాన్నే మేము రిజిస్ట్రేషన్ అంటాము. నూరు కాగితాల మీద నాలుగైదు రంగులు వేస్తే, తడి ఆరేటప్పుడు కాగితం కుంచించుకుపోవడం వల్లనో, మెష్ బిగువు సడలడం వల్లనో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పకుండా జరుగుతుంది. సన్నని తెల్ల సందు గానీ, ఒక రంగు మరొక రంగు మీదికి ఎక్కడం గానీ ఉంటే దాన్ని లోపంగా భావించవద్దు, అది చేతిపనికి సాక్ష్యం.

మంజీరతీరం:
తెరముద్ర గారూ, మీరు చెప్పినట్టే భూతద్దం తెచ్చి రెండు గంటలు కూర్చుని చూశాను. గులాబీ రంగు నిండుగా ఉంది, లోపల చుక్కలేమీ లేవు. బొమ్మలోని మనిషి ఎడమ భుజం దగ్గర, అంటే చూసేవారికి కుడివైపు, గులాబీ రంగు పసుపు కోటు అంచు మీదికి సుమారు ఒక మిల్లీమీటరు ఎక్కింది, అతని కుడి భుజం దగ్గర అంతే వెడల్పున తెల్ల కాగితం బయటపడింది. ముఖం మీది నీలిపచ్చ చుక్కలు గుండ్రంగా ఉండి, నీడ చిక్కబడిన చోట పెద్దవిగా, పలచబడిన చోట చిన్నవిగా ఉన్నాయి. నుదుటి మీద, చెంప ఎముక మీద ఏ రంగూ లేదు, అక్కడ కాగితమే వెలుగుగా కనిపిస్తోంది. నలుపు అన్నిటికంటే పైన ఉంది. నా లెక్క ప్రకారం పసుపు, నారింజ, నీలిపచ్చ, గులాబీ, నలుపు కలిపి ఐదు రంగులు.

తెరముద్ర:
అయితే అది స్క్రీన్ ముద్రణే, నాకు సందేహం లేదు. గులాబీ ఫ్రేము చూసేవారి కుడి నుంచి ఎడమకు ఒక మిల్లీమీటరు జరిగిందని మీ రెండు భుజాల వివరం చెబుతోంది. చుక్కల గురించి మీరు చెప్పినది ఇంకా సంతోషాన్నిచ్చింది, ఎందుకంటే చుక్కలు చిన్నవీ పెద్దవీ అయ్యాయంటే ఆ ముఖం చేత్తో గీసినది కాదు, ఒక ఫొటో నుంచి వచ్చినది. ఫొటోను చుక్కలుగా మార్చి ఫిల్ము తీసి, మెష్‌కు ఎమల్షన్ పూసి, దాని మీద ఆ ఫిల్ము పెట్టి వెలుతురు చూపిస్తే, వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లకు కొట్టుకుపోయి సిరా దిగేందుకు దారి ఏర్పడుతుంది. చుక్కల వరసకూ మెష్ దారాలకూ కోణం కుదరకపోతే ముఖమంతా నీటి అలల్లాంటి చారలు వచ్చేస్తాయి. మీ బొమ్మలో అవి లేవంటే చేసినవారికి పని బాగా తెలుసు.

రంగుల లెక్క మీద మాత్రం నాకు ఒక సందేహం ఉంది. నారింజ పూలను మరొకసారి జాగ్రత్తగా చూడండి, ఆ తర్వాత చెబుతాను.

గెర్నికాదారి:
నేను చిత్రకళ బోధిస్తాను. ఈ పద్ధతి నేపథ్యం కొంత చెబితే మంజీరతీరం గారికి ఉపయోగపడుతుందనిపించింది. ఫొటోను స్క్రీన్ మీదికి ఎక్కించి ముఖాలను అచ్చు వేయడం అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962లో మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో సినిమా తార మార్లిన్ మన్రో చనిపోగానే, 1953నాటి సినిమా ప్రచారం కోసం తీసిన ఒక ఫొటోను తీసుకుని ఆమె ముఖాన్ని పదే పదే ముద్రించారు. 1967లో అదే ముఖాన్ని పది వేర్వేరు రంగుల జోడింపులతో, ఒక్కొక్కటి సుమారు 91 సెంటీమీటర్ల చతురస్రంగా, 250 సెట్లు తీయించారు. మనం ఇప్పుడు పాప్ ఆర్ట్ ముఖచిత్రం అనగానే మనసులో మెదిలే రూపం అక్కడి నుంచి వచ్చినదే.

స్పెయిన్ కథ వేరు. చిత్రకారులు ఎఉసేబియో సెంపేరే, ఆబెల్ మార్తీన్ పారిస్‌లో స్క్రీన్ ముద్రణ నేర్చుకుని 1960 ప్రాంతంలో దాన్ని స్వదేశానికి తెచ్చారు. 1964లో వలెన్సియాలో ఎకీపో క్రోనికా అనే బృందం ఏర్పడింది. రఫాయెల్ సోల్బెస్, మనోలో వల్దెస్, మొదట్లో కొద్దికాలం హువాన్ ఆంతోనియో తొలేదో అందులో ఉన్నారు. అమెరికా పాప్ కళాకారులు సూపు డబ్బాలనూ సినిమా తారలనూ తీసుకుంటే, వీరు పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ చిత్రాలలోని మనుషులనూ పికాసో గీసిన గెర్నికా అనే యుద్ధచిత్రాన్నీ తీసుకుని, చదునైన రంగులతో, నల్లటి గట్టి గీతలతో, ఫ్రాంకో నియంతృత్వం కింద బతుకుతున్న దేశాన్ని ప్రశ్నించారు. ఫ్రాంకో ప్రభుత్వం ఎండనూ ఫ్లమెంకోనూ బుల్‌ఫైటింగ్‌నూ పోస్టర్లకెక్కించి విదేశీ పర్యాటకులను పిలుస్తున్న కాలం అది. అందుచేత స్పెయిన్‌లో బుల్‌ఫైటర్ ముఖాన్ని మెరిసే గులాబీ రంగు మీద అచ్చు వేయడం కేవలం అలంకారం కోసం చేసిన పని కాకపోవచ్చు. మీ ముద్రణ ఆ బృందానిదని నేను అనడం లేదు, ఆ గాలి పీల్చిన చేతి పని అని మాత్రం అనుకుంటున్నాను.

కోర్దోబాబాటసారి:
ముద్రణ సంగతి తేలింది కాబట్టి ముఖం సంగతికి వస్తాను. ఇది మనోలేతే కాదని నేను దాదాపు ఖాయంగా చెప్పగలను.

మనోలేతే అసలు పేరు మనుయెల్ రోద్రిగెస్. 1917లో కోర్దోబాలో పుట్టారు. 1947 ఆగస్టు 28న లినారెస్ పట్టణంలో మియూరా మందకు చెందిన ఇస్లేరో అనే ఎద్దు తొడలో కొమ్ము దింపింది, మర్నాడు తెల్లవారుజామున ముప్పై ఏళ్ల వయసులో చనిపోయారు. కోర్దోబాలోని సాంతా మరీనా పేటలో ఆయన స్మారక విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, ఆ ఊరి బుల్‌ఫైటింగ్ మ్యూజియంలో ఆయన ఫొటోలన్నీ చూశాను. పొడవైన సన్నటి ముఖం, పెద్ద ముక్కు, వాలిన కళ్లు, వెనక్కి నున్నగా దువ్విన జుట్టు. బరిలో కూడా ఆయన కాళ్లు దగ్గరగా పెట్టుకుని స్తంభంలా నిలబడేవారు, ఎద్దే ఆయన చుట్టూ తిరిగేది. నవ్వుతూ, నుదుటి మీద జుట్టు వేలాడేసుకుని ఉన్న మనోలేతేను నేను ఒక్క ఫొటోలో కూడా చూడలేదు.

మీరు చెప్పిన జుట్టు, ఆ నవ్వు ఎల్ కోర్దోబెస్‌వి. అసలు పేరు మనుయెల్ బెనీతెస్. 1936లో కోర్దోబా జిల్లాలోని పాల్మా దెల్ రీయోలో కటిక పేదరికంలో పుట్టారు. 1957లో మాడ్రిడ్‌లోని లాస్ వెంతాస్ బరిలోకి ప్రేక్షకుల మధ్య నుంచి దూకి ఎద్దు ముందు నిలబడి అరెస్టయ్యారు. 1963లో పూర్తిస్థాయి మటడోర్ (ఎద్దును చివరికి చంపే ప్రధాన బుల్‌ఫైటర్) అయ్యారు. 1964 మే 20న అదే లాస్ వెంతాస్‌లో ఇంపుల్సీవో అనే ఎద్దు ఆయనను తీవ్రంగా గాయపరిచినప్పుడు దేశమంతా దాన్ని టెలివిజన్‌లో చూసింది. ఎద్దు ముందు కప్పలా గెంతేవారు, శాస్త్రం తెలిసిన పెద్దలు చీదరించుకునేవారు, కుర్రకారు మాత్రం వెర్రెత్తిపోయేవారు. కనుబొమల దాకా పడే ఆ జుట్టే ఆయన గుర్తు. ఇద్దరి పేరూ మనుయెలే, ఇద్దరిదీ కోర్దోబా ప్రాంతమే, కాబట్టి అమ్మిన పెద్దాయన పొరబడి ఉండవచ్చు.

ఇక టోపీ. దాన్ని మొంతేరా అంటారు. చివరి అంకంలో, ఎర్రగుడ్డా కత్తీతో ఎద్దును ఎదుర్కొనే ముందు, మటడోర్ ఆ ఎద్దును ఎవరికో ఒకరికి అంకితం ఇచ్చేటప్పుడు దాన్ని తీసేస్తాడు. మీ బొమ్మలో తల ఖాళీగా ఉందంటే ఆ ఫొటో ఆ చివరి ఘట్టంలో తీసినది అయివుండవచ్చు.

మంజీరతీరం:
కోర్దోబాబాటసారి గారూ, మీ జాబు చదివాక బెనీతెస్ 1960ల నాటి ఫొటోలు వెతికి చూశాను. జుట్టు, పళ్ల వరస, గడ్డం మీది గుంట, అన్నీ నా బొమ్మలోని మనిషివే. ఒక మనిషిని ఇన్నాళ్లూ ఇంకొకరి పేరుతో పిలిచినంత బాధగా ఉంది. కాని ఇంకొక ప్రశ్న మిగిలింది. బుల్‌ఫైటర్లు పసుపు రంగును అపశకునంగా భావిస్తారని మా ఆఫీసులోని సెవిల్యా మిత్రుడు అంటున్నాడు. మరి ఈ కోటుకు పసుపు ఎందుకు వేశారు?

కోర్దోబాబాటసారి:
మీ మిత్రుడు చెప్పింది నిజమే, పసుపు దుస్తులు వేసుకోవడానికి చాలామంది ఇష్టపడరు. కాని నా ఉద్దేశంలో ఇది పసుపు కాదు, బంగారం. బుల్‌ఫైటర్ దుస్తులను స్పానిష్‌లో వెలుగుల దుస్తులు అని పిలుస్తారు. వాటి పేరు ఎప్పుడూ రెండు మాటలుగా ఉంటుంది, మొదటిది పట్టు రంగు, రెండవది కుట్టుపని రంగు. లినారెస్‌లో మనోలేతే ధరించినది లేత గులాబీ, బంగారం. కుట్టుపనిలో బంగారం మటడోర్‌కు దక్కే గౌరవం, ఆయన సహాయకులు సాధారణంగా వెండి జరీతో సరిపెట్టుకుంటారు. చదునైన రంగు తప్ప మరేదీ వేయలేని చిత్రకారుడు ఆ బంగారాన్ని పసుపు నేలగా పరిచి, పూలను దాని మీద పెట్టాడు. వెనుక ఉన్న గులాబీ రంగు కూడా ఊరికే వచ్చింది కాదు. తొలి అంకంలో వాడే పెద్ద వస్త్రానికి ఒకవైపు సరిగ్గా అదే ముదురు గులాబీ, రెండోవైపు చాలాసార్లు పసుపు ఉంటాయి. బరి చూడని వారికి ఇవి అమెరికా పాప్ రంగుల్లా కనిపిస్తాయి, కాని కోర్దోబా ఉన్న అండలూసియా ప్రాంతపు మనిషికి ఇవి బరి రంగులే.

నల్లరేగడి:
అందరూ రంగుల గురించి ఎంతో ఇష్టంగా రాశారు, నేను చదివి చాలా నేర్చుకున్నాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాది చంద్రగిరి ప్రాంతం. మా పక్కన రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండుగ జరుగుతుంది, ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, వాటిని లాక్కునేందుకు కుర్రాళ్లు ఎగబడతారు. అందులో మనుషులకూ పశువులకూ దెబ్బలు తగలడం నేను కళ్లారా చూశాను, అది సమర్థనీయమని అనను, కాని పండుగ అయ్యాక ఆ ఎద్దు ఇంటికి తిరిగి వస్తుంది. స్పెయిన్ బరిలోకి దిగిన ఎద్దుకు ఆ అవకాశం బహు అరుదు. ఒక సాయంత్రం ముగ్గురు మటడోర్లు, ఆరు ఎద్దులు, ఒక్కొక్క దానికి సుమారు ఇరవై నిమిషాలు. పెద్ద బరుల్లో 460 కిలోలకు తక్కువ బరువున్న ఎద్దును దింపడానికి వీల్లేదు. నాలుగేళ్లు పచ్చికలో స్వేచ్ఛగా పెరిగిన అంతటి జీవి, ఈ బొమ్మలో ఎక్కడ ఉంది? ఎవరైనా చెప్పగలరా?

గెర్నికాదారి:
నల్లరేగడి గారూ, మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనదని నేను అనుకుంటున్నాను, దానికి కొంచెం వివరంగా జవాబు రాయనివ్వండి.

ఎద్దు లేని బుల్‌ఫైటర్ చిత్రం స్పెయిన్ ముద్రణకళ ప్రధాన సంప్రదాయానికి భిన్నమైనది. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1816లో ఈ విషయం మీదే 33 ఎచింగుల (లోహపు పలక మీద ఆమ్లంతో గీతలు చెక్కి తీసే ముద్రణల) వరుసను అచ్చు వేసి అమ్మకానికి పెట్టారు. వాటిలో ఎద్దు మనిషితో సమానమైన పాత్ర. ఒక పలకలో అది గట్టు దూకి ప్రేక్షకుల మధ్యకు వచ్చి, తొర్రెహోన్ అనే ఊరి మేయరు శవాన్ని కొమ్ముల మీద మోస్తూ నిలబడి ఉంటుంది. చిత్రంలో సగానికి పైగా ఏమీ లేని ఖాళీ, మిగిలిన కుడివైపు మూలలో భయం, తొక్కిసలాట, ఆ మధ్యలో కదలకుండా నిలిచిన ఎద్దు. పికాసో 1957లో పద్దెనిమిదవ శతాబ్దపు మటడోర్ పేపే ఇయ్యో రాసిన శాస్త్రగ్రంథానికి 26 అక్వాటింట్లు (గీతలకు బదులు ఛాయలను అచ్చు వేసే ఒక రకం ఎచింగులు) వేశారు. వాటిలో మనుషులు కుంచె మొనతో పెట్టిన మచ్చలు, ముఖం అంటూ ఎవరికీ లేదు. మనిషినీ ఎద్దునూ కలిపే కదలికే అక్కడ బొమ్మ. వలెన్సియాలోని ఓర్తెగా లితోగ్రఫీ ప్రెస్సులో చిత్రకారుడు రువానో యోపిస్ బొమ్మలతో అచ్చయిన పోస్టర్లలో కూడా ఎద్దు వస్త్రంలోకి దూసుకొస్తూనే ఉంటుంది.

పాప్ ముఖచిత్రం ఆ ఎద్దును తీసేసింది. ముఖాన్ని దగ్గరగా కత్తిరించడం సినిమా ప్రచార ఫొటోల నుంచీ టెలివిజన్ నుంచీ వచ్చిన అలవాటు. ఎద్దు వెళ్లిపోగానే ప్రమాదం వెళ్లిపోతుంది, నెత్తురు వెళ్లిపోతుంది, మిగిలేది కీర్తి ఒక్కటే. ఎల్ కోర్దోబెస్ టెలివిజన్ తయారు చేసిన తొలి మటడోర్ కనుక ఈ కత్తిరింపు ఆయన విషయంలో నిజాయతీగా ఉందని నాకు తోస్తుంది. మనోలేతేకు ఇదే పని చేసివుంటే నేను ఒప్పుకోలేకపోయేవాడిని, ఇస్లేరో లేకుండా మనోలేతే చివరి రోజును చెప్పడం సాధ్యం కాదు.

ఇంత రాసినా, చంపబడిన జంతువును కనిపించకుండా చేసిన బొమ్మ అందంగా ఉందన్న మాట మీ ప్రశ్నకు జవాబు కాదని నాకు తెలుసు. స్పెయిన్‌లోనూ ఇది తేలని వివాదమే. స్పెయిన్‌లోని కెటలోనియా ప్రాంత పార్లమెంటు 2010లో బుల్‌ఫైటింగ్‌ను నిషేధిస్తే, 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. 2024లో సాంస్కృతిక శాఖ జాతీయ బుల్‌ఫైటింగ్ బహుమతిని రద్దు చేసింది.

నల్లరేగడి:
గెర్నికాదారి గారూ, నా ప్రశ్నను పక్కకు నెట్టకుండా తీసుకున్నందుకు కృతజ్ఞతలు. నా ఇంట్లో అయితే ఈ బొమ్మను పెట్టుకోను. గోయా పలకను మాత్రం పెట్టుకోగలను, ఎందుకంటే అందులో ఎద్దు కూడా ఉంది.

కాగితంపడవ:
మధ్యలో ఒక సందేహం. హైదరాబాద్‌లో మిత్రులం కలిసి చిన్న స్క్రీన్ ముద్రణ కార్ఖానా నడుపుతున్నాము. మంజీరతీరం గారు మంచి ఫొటో పంపితే, ఇదే బొమ్మను వేరే రంగుల్లో వేసి అమ్మవచ్చా? వార్హోల్ కూడా ఇతరుల ఫొటోలనే వాడారు కదా?

గెర్నికాదారి:
దయచేసి ఆ పని చేయవద్దు. వార్హోల్ వాడిన ఫొటోల మీదే పెద్ద వ్యాజ్యం నడిచింది. గాయకుడు ప్రిన్స్‌ను ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా వార్హోల్ చేసిన చిత్రాన్ని వార్హోల్ పేరిట ఉన్న సంస్థ ఒక పత్రికకు లైసెన్సు ఇచ్చి డబ్బు తీసుకోవడం న్యాయమైన వాడకం (అనుమతి లేకుండా వాడుకునేందుకు చట్టం ఇచ్చే వెసులుబాటు) కిందికి రాదని అమెరికా సుప్రీంకోర్టు 2023 మే 18న తీర్పు చెప్పింది. మీ విషయంలో ఇద్దరి దగ్గర అనుమతి తీసుకోవాలి, ఫొటో తీసినవారి దగ్గర, ముద్రణ చేసినవారి దగ్గర. మీ చేతిలో మంచి పరికరాలు ఉన్నాయి, మీరే ఒక ఫొటో తీసి మీ ఊరి ముఖాన్ని అచ్చు వేయండి.

మంజీరతీరం:
అందరికీ కృతజ్ఞతలు. గెర్నికాదారి గారి జాబు చదివాక ఆ బొమ్మను చూసే తీరు మారింది. నవ్వుతున్న ఆ కళ్లు కుడివైపు కిందికి చూస్తున్నాయి. ఇంతకాలం ప్రేక్షకులను చూస్తున్నాడనుకున్నాను. ఆ ఎత్తులో, అంత దగ్గరగా ఉండేది ఎద్దే కావచ్చు.

ఫ్రేము వెనుక అట్టకు ఒక చీటీ అతికించి దాని మీద పెన్సిలుతో ఇలా రాద్దామనుకుంటున్నాను: "మనుయెల్ బెనీతెస్, ఎల్ కోర్దోబెస్ అని పోలికను బట్టి గుర్తించినది. స్క్రీన్ ముద్రణ, ఐదు రంగులు, 37/100. సంతకం చదవలేకపోయాము." ఎండ నేరుగా పడని గోడ కూడా చూసి పెట్టుకున్నాను, గులాబీ రంగు త్వరగా వెలిసిపోతుందని ఫ్రేములు కట్టేవారు హెచ్చరించారు. తెరముద్ర గారూ, నారింజ పూలను మళ్లీ చూడమన్నారు, చూశాను. పూలన్నీ కోటు మీది మడతలకు సరిగ్గా కూర్చోకుండా ఎడమకు కొద్దిగా జరిగినట్టున్నాయి. ఎడమ అంచున ఒక పువ్వు కోటు దాటి బయటికి వచ్చింది, బయట ఉన్న ఆ ముక్క మాత్రం గులాబీ రంగులోనే ఉంది.

తెరముద్ర:
నేను అనుమానించినది అదే. గులాబీ నేల ఎడమకు ఒక మిల్లీమీటరు జరిగింది, పూలూ అటే జరిగాయి, అంటే రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయి. ముందు పసుపు వేసి ఆరబెట్టి, వెలుతురు చొచ్చుకుపోయే పలచని గులాబీ సిరాతో నేలనూ పూలనూ ఒకేసారి తీశారు. పసుపు మీద పడిన చోట అది నారింజగా కనిపిస్తోంది, కోటు దాటి తెల్ల కాగితం మీద పడిన ఆ ముక్కలో తన అసలు రంగులోనే ఉండిపోయింది. నారింజ అనే సిరా అక్కడ లేనే లేదు. చీటీ మీద నాలుగు రంగులు అని దిద్దండి.